ముందుగా నమోదైన పంక్చరు

మా కోడేరుపాలెంలో ఇప్పుడు ఎవరి టైరూ చెప్పాపెట్టకుండా పంక్చర్ కాదు. రెండు రోజుల ముందు నమోదు చేసుకుని, చెప్పిన టైముకు, చెప్పిన చోట అవుతుంది. రాష్ట్రంలో మరే ఊరికీ ఈ భాగ్యం లేదు. దీనికి మాకు అవార్డు కూడా వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో చెప్పడానికే ఇదంతా.

నా పేరు కవురు ఏడుకొండలు. బైపాస్ మలుపులో, ఐస్ ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న పంక్చర్ షాపు నాదే. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఓ రేకుల షెడ్డు, గాలి మిషను, జాకీ, నీళ్ళతొట్టి, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక చెక్క బల్ల. ఇన్నేళ్ళుగా నా వ్యాపారం నడిచిన తీరు ఒక్కటే. బండి ఆగిపోయినవాడు తోసుకుంటూ వస్తాడు, రోడ్డునూ, రోడ్డు వేసిన కాంట్రాక్టరునూ, చేతికందితే నన్నూ తిడతాడు. నేను బాగు చేస్తాను. వెళ్ళిపోతాడు. ఇది అరాచకమని నాకు మొన్న వేసవి దాకా తెలియదు.

వేసవిలో మా నగర పంచాయతీ కమిషనర్ గారు విశాఖపట్నంలో ఏదో పెద్ద హోటల్లో శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడ చల్లటి హాల్లో కూర్చోబెట్టి ఎవరో ఆయనకు నాగరికత అంటే క్యూ లేకపోవడమని చెప్పారట. ఆయన ఆ మాటను కిందపడకుండా మా ఊరిదాకా పట్టుకొచ్చారు. వారం తిరక్కుండా 'సమయపాలన విభాగం' పుట్టింది. దానికో అధికారి, అధికారికో జీపు, జీపు మీద నీలం అక్షరాలతో 'సమయమే సేవ' అన్న మాట. ఆ అధికారి పరంజ్యోతి గారు. అంతకుముందు దోమల నిర్మూలన చూసేవారు. ఆ కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

సేవలు అమ్ముకునే మమ్మల్నందరినీ, అంటే సెలూన్లవాళ్ళనీ, దర్జీలనీ, పిండిమరవాళ్ళనీ, ఆటోవాళ్ళనీ, నన్నూ కల్యాణ మండపానికి పిలిచారు. పరంజ్యోతి గారు మైకు అందుకున్నారు.

"వినియోగదారుడు తన ఇష్టానుసారం దుకాణంలోనికి ప్రవేశించుట అనునది గతకాలపు అవశేషం. ఇకమీదట నగర పంచాయతీ పరిధిలోని సమస్త సేవలూ 'సమయమిత్ర' యాప్ నందు నలభై ఎనిమిది గంటల ముందుగా నమోదైన పిమ్మట మాత్రమే అందించబడును."

నేను లేచాను. లేవకపోతే బాగుండేది గానీ నా నోరు ఊరుకోదు.

"అయ్యా, మాది పంక్చర్ షాపండి."

"చాలా సంతోషం."

"పంక్చర్ ఎప్పుడవుద్దో రెండ్రోజుల ముందు ఎవడికి తెలుత్తాదండి?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఇదే. సరిగ్గా ఈ మనస్తత్వాన్నే మనం మార్చవలసి ఉన్నది. పౌరులలో ప్రణాళికాలోపం వల్లనే ఆకస్మిక పంక్చర్లు సంభవిస్తున్నాయి. ప్రణాళికాబద్ధంగా జీవించు పౌరునికి పంక్చరు సైతం ప్రణాళికాబద్ధంగానే సంభవించును."

హాలంతా చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్ళకు మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చారు. నేనూ ఒకటి తాగాను, అది వేరే సంగతి.

మొదటి వారం ఒక్కరూ పంక్చర్ నమోదు చేసుకోలేదు. దాంతో 'ఇంటికో నమోదు' ఉద్యమం మొదలైంది. పంచాయతీ సిబ్బంది గడప గడపకూ వెళ్ళారు. నమోదు చేసుకోకపోతే కుళాయి కనెక్షన్ పీకేస్తామని ఎవరినీ బెదిరించలేదు. కుళాయి వంక చూస్తూ అడిగారంతే. మర్నాటికల్లా నా షాపు నెలంతా నిండిపోయింది.

మొట్టమొదట వచ్చినవారు శేషగిరి మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు. బడిలో గంట కొట్టేవాడు ఈయన నడక చూసి గంట కొట్టేవాడని చెప్పుకుంటారు. చెప్పిన టైముకు సైకిల్ తొక్కుకుంటూ వచ్చి బల్ల దగ్గర దిగారు. రెండు టైర్లూ గట్టిగా, నిక్షేపంగా ఉన్నాయి.

"పంక్చరేది మాస్టారూ?"

"కాలేదయ్యా. నిన్నంతా ఎదురుచూశాను. పొద్దున ముళ్ళకంప వైపు కూడా తొక్కి వచ్చాను." ఆయన ముఖంలో హోంవర్క్ చెయ్యని పిల్లాడి భయం కనిపించింది.

"అయితే ఇంకేంటండీ, ఇంటికెళ్ళిపోండి."

అప్పటికే అక్కడ జీపు ఆగి ఉంది. పరంజ్యోతి గారు దిగారు. "నమోదైన సమయమున సేవ పొందకపోవుట గైర్హాజరుగా పరిగణింపబడును. సదరు పౌరుని నమోదు హక్కు ఏడాదిపాటు రద్దగును. క్షవరంతో సహా."

మాస్టారు గతుక్కుమన్నారు. రోజు విడిచి రోజు గడ్డం గీయించుకోకపోతే ఆయనకు అన్నం సహించదు. నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "కొండలూ, ఓ మేకు దింపవయ్యా."

దింపాను. బుస్సుమని గాలి పోయింది. ట్యూబు బయటికి లాగి, తొట్టిలో ముంచి, బుడగలు చూసి, ప్యాచ్ వేసి, గాలి కొట్టి ఇచ్చాను. పరంజ్యోతి గారు ప్రతి ఘట్టాన్నీ ఫొటో తీసుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. నా సర్వీసులో పంక్చర్ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న అధికారి ఆయనొక్కరే.

ఆ తర్వాత అందరూ మంచి టైర్లతోనే రావడం మొదలుపెట్టారు. నా మేకులు చాల్లేదు. పంచాయతీవాళ్ళే బస్తాలతో పంపారు. బస్తా మీద 'సేవా ప్రేరక సామగ్రి' అని రాసి ఉంది. ప్రభుత్వ సొమ్మని తెలియడానికి ప్రతి మేకుకూ నీలం రంగు వేయించారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచి టైర్లను పొడవడం, పొడిచినవాటిని అతకడం నా పనైపోయింది. నిజంగా పంక్చరైనవాడు మాత్రం షాపు ముందునుంచే బండి తోసుకుంటూ, నన్ను బూతులు తిడుతూ పోయేవాడు. వాడి తిట్లలో న్యాయం ఉంది.

ఇలా తిట్టుకుంటూ పోయినవాళ్ళలో ఒకాయన పైవాళ్ళకు ఫిర్యాదు పెట్టాడు. పైనుంచి అక్షింతలు పడ్డాయి. వెంటనే 'సమతుల్యత' ఉత్తర్వు వెలువడింది. ప్రతి రెండు నమోదులకూ ఒక 'నేరు రాక', అంటే నమోదు లేకుండా నేరుగా వచ్చినవాడు, ఉండాలి. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. నేరుగా రాదలచినవాళ్ళు ఆ సంగతి ముందురోజే పంచాయతీ ఆఫీసులో చెప్పుకోవాలి.

"ముందురోజు చెప్పి వచ్చేవోడు నేరుగా వచ్చినట్టెలా అవుతాడండీ?" అని అడిగాను.

"చెప్పకుండా నేరుగా వచ్చుటకూ, చెప్పి నేరుగా వచ్చుటకూ గల వ్యత్యాసమే క్రమశిక్షణ," అన్నారు పరంజ్యోతి గారు.

ఈ క్రమశిక్షణ ఏమిటో పక్క సెలూన్ బలివాడ సూర్రావుకు బాగా తెలిసొచ్చింది. కోటా దాటాక ఎవరో పొరుగూరాయన బతిమాలితే గడ్డానికి సబ్బు రాశాడు. సగం గీసేసరికి జీపొచ్చింది. సెలూన్‌కు సీలు పడింది. రెండో చెంపకు ఆ పొరుగూరాయన వేరే సెలూన్లో మళ్ళీ నమోదు చేసుకోవలసి వచ్చింది. రెండు రోజులు ఒక చెంప మీద తువ్వాలు అడ్డం పెట్టుకుని తిరిగాడు పాపం. సూర్రావు ఇప్పుడు వాళ్ళ బావమరిది చేపల తూకంలో కూలికి వెళ్తున్నాడు.

ఇది చూశాక నేరుగా వచ్చే ధైర్యం ఎవరికుంటుంది? జనం మానేశారు. సమతుల్యత చెడింది. పరంజ్యోతి గారు దానికీ మందు కనిపెట్టారు. పారిశుద్ధ్య సిబ్బందిలో ముగ్గురిని రోజూ నా షాపుకు నేరు రాకలుగా వేశారు. పొద్దున్నే పంచాయతీ ట్రాక్టరు వాళ్ళను దింపేది. వాళ్ళకు బండ్లు లేవు. బల్ల మీద కూర్చుని, టీ తాగి, కునికిపాట్లు పడి వెళ్ళిపోయేవారు. ముగ్గురిలో పెద్దవాడు గంటయ్య. "ఊడిత్తే ఒళ్ళు నొప్పులయ్యేవి కొండలూ, ఇప్పుడు కూచుంటే నడుం పట్టేత్తంది" అని వాపోయేవాడు.

అదే ట్రాక్టరు ఓ రోజు మేకుల బస్తాలు తెస్తూ మలుపు దగ్గర కుదుపుకు లోనైంది. ఒక బస్తా చిరిగి నీలం మేకులు రోడ్డు మీద చెల్లాచెదురయ్యాయి. ఊడ్చవలసినవాళ్ళు నా బల్ల మీద డ్యూటీలో ఉన్నారు. చీపురు పట్టుకుంటే నేరు రాక రద్దవుతుందని వాళ్ళకు గట్టిగా చెప్పి ఉన్నారు. నేనే కొన్ని ఏరాను. తక్కినవి అక్కడే ఉన్నాయి.

ఆ మర్నాడే ఒక బొలెరో వ్యాను కుంటుకుంటూ వచ్చి నా షాపు ముందు ఆగింది. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. డ్రైవరు పక్కనుంచి ఒకావిడ గబగబా దిగింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చేతిలో సెల్‌ఫోను పట్టుకుని ఉంది. తన పేరు కడలి మంగతాయారనీ, లంకల వైపు చిన్న రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నాననీ తర్వాత చెప్పింది.

"బాబ్బాబు, తొందరగా చూడయ్యా. బండి నిండా రొయ్య పిల్ల ఉంది. స్టెప్నీ కూడా మొన్న ఇదే మలుపులో పోయింది."

వెనక థర్మోకోల్ పెట్టెలు. పెట్టెల్లో నీళ్ళసంచులు, ఆ సంచుల్లో కంటికి ఆనీ ఆనని రొయ్య పిల్లలు. పిల్లల్ని అమ్మే హేచరీవాళ్ళు ఆక్సిజన్ పట్టి కట్టిచ్చారు. "మద్దేన్నం దాకే ఉంటాది గాలి. ఈ ఎండకి అదీ ఉండదు. రెండు పంటలు తెల్లమచ్చ తెగులు తినేసింది. ఈసారి గాజులు కుదవెట్టి తెచ్చాను. ఇదీ పోతే చెరువు వదులుకోవాలయ్యా," అంది.

టైరు చూశాను. నీలం మేకు. నాకు సిగ్గేసింది. జాకీ తీసి బండి కింద పెట్టాను. రెండు తిప్పులు తిప్పానో లేదో జీపు వచ్చింది.

"ఇది నమోదా, నేరు రాకా?" అన్నారు పరంజ్యోతి గారు.

"పంక్చరండి," అంది మంగతాయారు.

"ఆ వర్గం లేదు. నేరు రాకగా పరిగణించినచో నేటి కోటా పూర్తయినది." ఆయన బల్ల వైపు చూపించారు. బల్ల మీద గంటయ్య, ఇద్దరు సహచరులూ టీ తాగుతున్నారు.

"ఈళ్ళకి బళ్ళేయి?" అంది మంగతాయారు.

గంటయ్య గ్లాసు కిందపెట్టి లేచాడు. "నా వంతు ఈ అమ్మకిచ్చేత్తానండి."

"వంతు బదిలీ నిషిద్ధం. కూర్చో."

"పోనీ, ఇప్పుడు నమోదు చేసుకున్నాయన రాలేదు కదండీ? షాపు ఖాళీగానే ఉంది కదా?" అన్నాను నేను.

"రానందుకు ఆయనకు శిక్ష పడును. అయినను ఆ ఖాళీ ఆయన సొత్తు."

మంగతాయారు అప్పటిదాకా చేతులు జోడించే ఉంది. ఆ మాటతో చేతులు దించేసింది. "ఏవయ్యా పెద్దమనిషీ! మీ ఇంట్లో ఆడకూతురికి నొప్పులొత్తే కూడా రెండ్రోజులాగి కనమంటావా?"

పరంజ్యోతి గారికి కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు, అదే వచ్చిన చిక్కు. "ఆసుపత్రులూ, అత్యవసరాలూ రెండో దశలో ఉన్నాయమ్మా," అని మర్యాదగా చెప్పారు.

నాకు ఒళ్ళు మండింది. "సీలేసుకుంటే ఏసుకోండి, నేను చేసేత్తాను" అని జాకీ మీద చెయ్యేశాను. ఆయన మనుషులు జాకీ లాగేసి జీపులో పడేశారు. గాలి మిషనుకు తాళం వేశారు. ఇంత చేశాక ఆయనకు దయ పుట్టింది. ఫోనులో వేలు ఆడించి, "నలభై ఎనిమిది గంటల నిబంధనను ప్రత్యేకంగా సడలించి, రేపు పది గంటల పది నిమిషాలకు మీకు కేటాయించడమైనది. సమయానికి రావలెను," అన్నారు. జీపు వెళ్ళిపోయింది.

వేరే వ్యాను కోసం ఫోన్లు చేశాం. ఇక్కడి బండ్లన్నీ నమోదు మీద ఉన్నాయి. పంచాయతీ పరిధి అవతలినుంచి రావాలి. ఎదుటి ఐస్ ఫ్యాక్టరీకి పరిగెత్తి ఒక దిమ్మ అడిగితే, అక్కడా నేరు రాకల కోటా అయిపోయిందన్నారు. గంటయ్యా, మిగతా ఇద్దరూ నియమం గాలికొదిలేసి గోనెసంచులు తడిపి పెట్టెల మీద కప్పారు. నా తొట్టిలో నీళ్ళన్నీ అయిపోయాయి. మంగతాయారు రోడ్డు మధ్యలో నిలబడి, కనిపించిన ప్రతి వ్యానుకూ చెయ్యెత్తింది.

బండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఆవిడ ఒక సంచి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పొద్దున అందులో చిటుకు చిటుకుమని గెంతులు కనిపించాయి. ఇప్పుడు అడుగున ఉడికిన రవ్వలా తెల్లగా పేరుకుని ఉంది. ఇంకో సంచి తీసింది. ఇంకోటి. తర్వాత తియ్యడం మానేసి, వచ్చి బల్ల మీద కూర్చుంది.

చాలాసేపటికి లేచింది. "రేపు పదీ పదికి కదా అన్నారు? వత్తాను," అని, ఒక పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు మా ఊరికి పండగ. సమయపాలనలో ఉత్తమ పట్టణంగా మా ఊరు ఎంపికైంది. విజయవాడ నుంచి పురపాలక శాఖ సంచాలకుల వారు స్వయంగా వచ్చి, నా షాపు చూసి, మధ్యాహ్నం కలెక్టరేట్‌లో మంత్రిగారి పక్కన నిలబడి అవార్డు ఇప్పించాలి. పరంజ్యోతి గారు రాత్రికి రాత్రే ఊరంతా తిరిగి, నమోదైన ప్రతివాడూ తన టైముకు హాజరు కావాలనీ, ఒక్క ఖాళీ కనిపించినా మర్యాద దక్కదనీ గట్టిగా చెప్పారు. పేపరువాళ్ళు వచ్చారు. పూలదండలు వచ్చాయి. నా గాలి మిషను తాళం తీశారు.

పది గంటలకు సంచాలకుల వారి తెల్లకారు మలుపు తిరిగింది. బుస్సు. ముందు టైరు. ఇంకో రెండు గజాలు వచ్చి వెనక టైరు కూడా బుస్సు. వెనకే వచ్చిన పరంజ్యోతి గారి జీపుకు మూడో బుస్సు, నాలుగో బుస్సు. అన్నీ నా షాపు ముందే ఆగాయి.

సంచాలకుల వారు నవ్వుతూ దిగారు. "సమయానికి సరైన చోటే ఆగింది! ఏమోయ్, చకచకా కానివ్వు."

నేను తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకున్నాను. "నమోదా అండి, నేరు రాకా అండి?"

పరంజ్యోతి గారు నా చెవిలో, "కొండలూ! సంచాలకుల వారు!" అన్నారు.

"ఆ వర్గం లేదండి."

"విధి నిర్వహణలో ఉన్న అధికారులకు నిబంధన వర్తించదు."

"ఎప్పట్నుంచండి?"

"ఇప్పట్నుంచి!" అని, ఆయనే పరుగున వెళ్ళి జీపులోంచి నా జాకీ మోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టారు. జాకీ చల్లగా తగిలింది. నిన్న ఈ పాటి దయ ఏమైందో అడుగుదామనుకున్నాను. అడగనక్కర్లేకపోయింది.

"పదీ పది. నాదండి," అంటూ మంగతాయారు వచ్చింది. చంకన నిన్నటి పెట్టె ఉంది. పక్కనే నిన్నటినుంచి ఒరిగి ఉన్న బొలెరో ఉంది.

"నువ్వు కాస్త ఆగమ్మా," అన్నారు పరంజ్యోతి గారు.

"ఆగితే గైర్హాజరు ఏత్తారు కదండీ?"

పేపరువాళ్ళు ఫోన్లు ఎత్తారు. సంచాలకుల వారు గొంతు సవరించుకుని, "చూడమ్మా, ఇది అత్యవసరం. మంత్రిగారి కార్యక్రమం," అన్నారు.

"అత్యవసరాలు రెండో దశలో ఉన్నాయండి," అంది మంగతాయారు.

ఆవిడ వెనక శేషగిరి మాస్టారు సైకిల్ దిగారు. "నాది పదిన్నర," అన్నారు. ఆయన వెనక పిండిమర వీర్రాజు. వాడి వెనక ఇంకొకరు. వరస ఐస్ ఫ్యాక్టరీ గోడదాకా సాగింది. అందరి టైర్లూ నిండు గాలితో ఉన్నాయి, అందరూ సమయానికి వచ్చారు. ఎవరిని ఎంత బతిమాలినా ఒక్కరూ కదల్లేదు. పరంజ్యోతి గారు ఆఖరికి బల్ల వైపు పరిగెత్తారు.

"గంటయ్యా, నీ నేరు రాక ఇచ్చెయ్!"

"బదిలీ నిషిద్ధం కదండీ," అన్నాడు గంటయ్య, టీ ఊదుకుంటూ. అయినా సంచాలకుల వారు నిలబడలేకపోతున్నారని, వాళ్ళు ముగ్గురూ లేచి బల్ల మాత్రం ఖాళీ చేశారు.

ఆటో పిలవమన్నారు. ఆటోలు కూడా నమోదు మీదే నడుస్తున్నాయని, నలభై ఎనిమిది గంటలు పడుతుందని పిలవడానికి వెళ్ళినవాడు వచ్చి చెప్పాడు. సంచాలకుల వారు ఎండలో బల్ల మీద కూలబడ్డారు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఆయన దాన్ని చూసి, చెమట తుడుచుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

నేను బొలెరో చక్రం విప్పాను. నీలం మేకు లాగాను. తొందరపడలేదు. టైరు ఎక్కించి, నట్లు బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాను.

"అయిపోయిందమ్మా. బండి ఎళ్ళొచ్చు."

"ఎక్కడికి?" అంది మంగతాయారు.

పరంజ్యోతి గారు అలవాటు కొద్దీ ఫోను తీసి, "సేవ సమయానికి అందినదా?" అని అడిగారు.

"అందింది," అంది ఆవిడ. ఆయన నొక్కారు. ఐదు నక్షత్రాలు వెలిగాయి.

ఆవిడ పెట్టె తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళి మూత తీసింది. ఒక రాత్రి మురిగిన వాసన గుప్పుమంది. సంచాలకుల వారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ పెట్టెను ఆయన పక్కన పెట్టింది.

"కొంచెం అటు జరగండి. నిన్న నేనిక్కడే కూచున్నాను."

ఆయన జరిగారు. ఆవిడ కూర్చుంది. నేను బస్తాలోంచి ఒక నీలం మేకు తీసుకుని మాస్టారి సైకిలు వైపు తిరిగాను.